పిన్ని చెక్కిన తాబేలు

మా పిన్ని పెళ్ళికి ముందు నుంచీ సోఫాలు తయారుచేస్తోంది. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని ఊపి చూసి గానీ కూర్చోదు. అది కాస్త కదిలిందా, ఆ ఇంటివాళ్ళ పరువు గోవిందా. తన చేతి పనికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదని ఆమె నమ్మకం. అడిగినా అడగకపోయినా ఆ సంగతి మనకి చెబుతుంది కూడా.

అలాంటి పిన్నికి మా పిచ్చుక కొరకరాని కొయ్య అయింది. పిచ్చుక అంటే నా కూతురు. చెంబెడు నీళ్ళు నెత్తిన పోస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. ఆ భయం పోతుందని ఈత కొలనులో చేర్పిస్తే, గట్టు మీద దర్జాగా కూర్చుని, బొటనవేలైనా తడవకుండా ఇంటికి వచ్చేది.

"ఈ ఆదివారం కూడా దిగకపోతే వేరే పిల్లకి చోటిచ్చేస్తానండీ. ఏమీ అనుకోకండి," అంది ఈత టీచరమ్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. పిన్నికి మాత్రం ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"దీనికి తాబేళ్ళంటే ప్రాణం కదే. నీళ్ళలో తాబేలుంటే అదే దిగుతుంది చూడు."

సోఫా స్పాంజి నీళ్ళు తాగి మునుగుతుందని, బొమ్మలు చేసే సామాను కొట్లో దొరికే దట్టమైన ఫోమ్ పలకలు తెచ్చింది. ఒకదాని మీద ఒకటి అతికించి, దిండ్లు కోసే పొడుగాటి కత్తితో చెక్కడం మొదలుపెట్టింది. పిన్ని కనుబొమ్మల మీద పొట్టు, ఫ్యాను రెక్కల మీద పొట్టు, బాబాయి కాఫీలో పొట్టు.

"ఇవాళ కాఫీ నమిలి మింగాల్సి వస్తోందే," అన్నాడు బాబాయి.

తెడ్లలాంటి కాళ్ళు, గుండ్రటి వీపు తేలాక గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. డిప్ప నిజం డిప్పలా కనిపించాలని మందపాటి రెగ్జిన్ ముక్కలు అంటించింది. వాటి మీద ఆకుపచ్చ, దాని మీద గోధుమరంగు, మళ్ళీ ఆకుపచ్చ. కళ్ళు వేసేసరికి ఒకటి గుమ్మాన్ని చూస్తోంది, రెండోది వంటింటిని.

"మొహం అచ్చం మీ బావగారిదే," అన్నాడు బాబాయి. బావగారంటే మా నాన్న.

"ఆయన్ని చూసే వేశాను," అంది పిన్ని తల ఎత్తకుండా.

పొట్టకి మాత్రం రంగు లేదు, చెక్కడం లేదు. సోఫా అడుగు ఎవరు చూస్తారు? నల్లగుడ్డ బిగిస్తే పనైపోయినట్టే. తాబేలు పొట్టకీ నల్లగుడ్డ అంటించి చేతులు దులుపుకుంది.

ఆదివారం కొలను దగ్గర పిన్ని తాబేలుని నీళ్ళలో వదిలింది. అది క్షణం సేపు రాజాలా తేలింది. తర్వాత మెల్లగా ఒరిగి, వెల్లకిలా పడింది. నీళ్ళ మీద నల్లగుడ్డ తప్ప ఇంకేం కనపడలేదు. గట్టు మీదున్న పిల్లలంతా గొల్లున నవ్వారు. బాబాయి అయితే కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

"బరువంతా వీపు మీదే పెట్టాను. నా బుద్ధేమైంది," అంది పిన్ని, మొహం మాడ్చుకుని. నాకూ నవ్వొచ్చింది గానీ, ఇక పిల్ల చోటు పోయినట్టేనని గుండె జారింది.

అంతలో పిచ్చుక లేచి నిలబడింది.

"చిన్నమ్మమ్మా, దానికి ఊపిరాడదు."

ఎవరూ కదల్లేదు. పిచ్చుక మాకేసి కోపంగా చూసి, మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులా తాబేలుని తిప్పింది. వదలగానే అది మళ్ళీ బోల్తా కొట్టింది. మళ్ళీ తిప్పింది.

"కుదురుగా ఉండవే," అని కసిరింది దాన్ని.

తాబేలు జరిగిన వైపల్లా జరిగింది. మొహం మీద నీళ్ళు చిందినా తుడుచుకునే తీరిక లేదు. టీచరమ్మ వచ్చి నడుం పట్టుకున్న సంగతి కూడా ఆ పిల్లకి తెలియలేదు. నాకు ఒకటే ఆనందం. పక్కనెవరో తెలియకుండానే ఒకావిడ చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాను.

"పేరు ఉంచేస్తున్నానండీ," అంది టీచరమ్మ.

బయల్దేరుతుంటే పిన్ని తాబేలుని చంకలో ఇరికించుకుంది.

"అడుగున బరువు పెట్టి తెస్తాను. ఇలా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు."

పిచ్చుక దాని కాలు పట్టుకుని వదల్లేదు.

"బాగుచెయ్యకు. అది సరిగ్గా తేలితే నేను ఎందుకు దిగాలి?"

పిన్ని ఆ నల్లగుడ్డని ఒకసారి అరచేత్తో తడిమి, తాబేలుని టీచరమ్మ చేతిలో పెట్టేసింది.