కార్క్ వెన్న బజారు, ఐదుగురు అమ్మాయిలు

ఎప్పుడో మూతపడ్డ వెన్న బజారు చూడటానికి రెండు గంటలు కారు నడుపుకుంటూ ఎవరైనా వెళ్తారా అని మా ఆయన నవ్వాడు. నేను వెళ్ళింది బ్రిడీ కోసం. ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో, ముసలివాళ్ళను ఉంచి చూసుకునే నర్సింగ్ హోమ్‌లో నేను అప్పట్లో కేరర్‌ని, అంటే నర్సుల కింద సహాయకురాలిని. అక్కడ ఆమె తొంభై రెండేళ్ళ మనిషి. పుట్టింది కార్క్, కెర్రీ కౌంటీల సరిహద్దు కొండల్లో, పాడి ఉన్న ఇంట్లో. ఆమె ముత్తాతల కాలంలో వెన్నను చెక్క పీపాలకెత్తి, గుర్రాల మీద కార్క్ బజారుకు తోలుకెళ్ళేవాళ్ళట. "నువ్వొకసారి వెళ్ళి చూసి రా రూత్, ఎలా ఉందో నాకు చెప్పు" అని నా వెంట పడేది. కోవిడ్ మొదటి విడతలోనే ఆమె పోయింది. కూతురు కిటికీ అద్దం అవతల నిలబడి చూసింది. ఇవతల ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. ఆ తర్వాత లాక్‌డౌన్‌లు, షిఫ్టులు. 2021 జూన్‌లో, కౌంటీలు, అంటే జిల్లాలు, దాటడానికి మళ్ళీ అనుమతి వచ్చిన కొన్ని వారాలకు, నాకొక శనివారం ఖాళీ దొరికింది.

ఆ శనివారానికి ఇంకో పని కూడా ముడిపడి ఉంది. నేను ఒంగోలులో బీఎస్సీ నర్సింగ్ చదివి, ఐదేళ్ళు అక్కడే వార్డులో పనిచేశాను. ఇక్కడికొచ్చి అప్పటికి నాలుగేళ్ళయినా కేరర్‌నే. నర్సుగా రిజిస్టర్ కావాలంటే డబ్లిన్‌లో రెండు రోజుల పరీక్ష ఉంటుంది. ఒకసారి కోవిడ్ వల్ల అది వాయిదా పడింది. రెండోసారి హోమ్‌లో మనుషులు చాలడం లేదని నాకు సెలవివ్వలేదు. ముందు వారం మా మేనేజర్ నోరీన్ నన్ను ఆఫీసులోకి పిలిచి, టీ పోసి మరీ కూర్చోబెట్టింది. "కేరర్లకు ఇప్పుడు వర్క్ పర్మిట్లు ఇస్తున్నారు రూత్. మీ కాలేజీ నుంచి ఐదుగురు అమ్మాయిలు ఉన్నారని ఏజెంటు చెప్పాడు. నువ్వు మాట్లాడితే నమ్ముతారు. ఏడాదిలో నర్సులైపోతారని చెప్పు. వాళ్ళు సంతకాలు పెడితే నీ పరీక్ష సెలవు నేను చూసుకుంటాను" అంది. వీడియో కాల్ శనివారం మధ్యాహ్నం రెండింటికి, ఇండియాలో సాయంత్రం ఆరున్నరకు. నేను సరేనన్నాను.

ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాను. అప్పట్లో బస్సుల్లో సగం సీట్లే నింపేవాళ్ళు కాబట్టి కారే నయం. కిల్కెన్నీ నుంచి క్యాలన్, క్లాన్మెల్ మీదుగా కేహిర్ చేరి అక్కడ మోటార్‌వే ఎక్కాలి. ఫెర్మోయ్ దాటాక టోల్ ఒక యూరో తొంభై సెంట్లు. రానుపోను పెట్రోలు సుమారు ముప్పై యూరోలైంది. పదింపావుకు కార్క్‌లో, బజారు ఉన్న షాండన్ కొండ కిందకు చేరాను. అక్కడ వీధిలో కారు ఆపాలంటే పార్కింగ్ డిస్కులు దుకాణంలో కొని, గీకి, అద్దం వెనక పెట్టాలి. ఆ సంగతి తెలియక నేను మీటరు కోసం వీధంతా రెండుసార్లు తిరిగాను. డిస్కులమ్మిన ఆవిడే కాఫీ కూడా ఇచ్చింది. "లోపల కూర్చోనివ్వకూడదు లవ్, బయట గోడ మీద కూర్చో, గ్రాండ్‌గా ఉంటుంది" అంది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆ వానలో గోడ మీద కూర్చుని మూడు యూరోల కాఫీ తాగాను.

బజారు భవనం ముందు లావుపాటి రాతి స్తంభాలున్నాయి. పక్కనే పీపాలు తూచిన గుండ్రటి కట్టడం. నేను వెళ్ళేసరికి తలుపులన్నీ మూసి ఉన్నాయి. మెట్ల మీద మాస్కు గడ్డం కిందకు లాగి సిగరెట్ కాల్చుకుంటున్న ముసలాయన ఒకాయన ఉన్నాడు. పేరు కాన్, రేవులో పనిచేసి రిటైరయ్యాడు. కార్క్ వాళ్ళు ఏ వయసు ఆడవాళ్ళనైనా 'గర్ల్' అనే పిలుస్తారు. "లోపల చూడ్డానికి ఏముంది గర్ల్, కావలసింది నేను చెప్తా" అని, రెండు మీటర్ల దూరంలో నాకు చోటు చూపించాడు.

ఆయన చెప్పింది ఇది. ఊళ్ళ నుంచి వచ్చిన పీపాలను వరసగా నిలబెట్టేవాళ్ళు. ఇన్‌స్పెక్టర్ ఒక పొడుగాటి ఇనప గొట్టం పీపాలో అడుగుదాకా దించి, వెన్న తీసి, వాసన చూసి, నాలిక మీద పెట్టుకుని, చెక్క మీద గ్రేడు గీసేవాడు. అది ఎవరి వెన్నో ఆయనకు తెలియకూడదు. ఒకసారి గీత పడ్డాక మారు మాట లేదు. అక్కడి నుంచి వెన్న ఓడలెక్కి బ్రిటిష్ సామ్రాజ్యం ఎక్కడుంటే అక్కడికి, ఎక్కువగా కరిబియన్ చెరకు తోటల దీవులకు వెళ్ళేది.

"ఎవరిదో తెలియకుండా గ్రేడు వేయడం న్యాయమే కదా?" అన్నాను. మా నాన్న అమ్మిన పొగాకుకు అంత న్యాయం కూడా దొరకలేదు మరి.

"న్యాయమే. వెన్న తీసినవాళ్ళు మాత్రం ఇంట్లో బంగాళాదుంపలు, పులిసిన మజ్జిగ తిని బతికారు. అది ఏ గ్రేడో ఎవరూ గీయలేదు."

"మరి అమ్మడం మానేస్తే? సైనికులొచ్చి లాక్కునేవాళ్ళా?"

కాన్ నవ్వాడు. "మా కొండల మీదకు వెన్న కోసం తుపాకీ పట్టుకుని ఎవడూ రాలేదు గర్ల్. ఆ అవసరమే లేదు. మా ఊరివాడే, ఇక్కడ వర్తకుడి దగ్గర పనికి కుదిరినవాడే, మంచి కోటు వేసుకుని ఆదివారం చర్చి బయట నిలబడి చెప్పేవాడు. కార్క్ పంపండి, బాగుపడతారని. వాడి ఒంటి మీద కోటు చూసి నమ్మేవాళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. కందుకూరు దగ్గర మా నాన్న సజ్జ, కంది వేసుకునే మూడెకరాల్లో, బాగుపడతావని చెప్పి, సిగరెట్లకు పోయే బ్యారన్ పొగాకు వేయించింది మా సొంత పెదనాన్న. కొనే కంపెనీల మనుషులతో తిరిగేవాడు, మా ఇంటికి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. బ్యారన్ గదిలో పొయ్యి వేడికి ఆకు కాల్చి, రంగు చూసి విడదీసి, బేళ్ళు కట్టి వేలానికి తీసుకెళ్తే, కొనేవాళ్ళు వరసలో నడుచుకుంటూ మా బేలు దగ్గర ఒక్క మాట కూడా అనకుండా దాటిపోయేవాళ్ళు. దానిమీద 'నోబిడ్' అని, అంటే ఎవరూ ధర పలకలేదని, చీటీ పడేది. ఏ దేశంలో ఎవరికి మా ఆకు రంగు నచ్చలేదో మా నాన్నకు ఎప్పుడూ తెలియలేదు. పెదనాన్న మీద కోపం తెచ్చుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. నేను మాత్రం చిన్నప్పటి నుంచి పెదనాన్నను తిట్టుకుంటూనే పెరిగాను. మధ్యాహ్నం రెండింటికి కాల్‌లో నేను చెప్పబోయే మాటలు ఆయన మాటలే అని ఆ మెట్ల మీద తెలిసింది. సిగ్గేసింది.

నది ఒడ్డున కారాపి, చిప్స్ కొనుక్కుని, రెండింటికి కాల్ కలిపాను. హాస్టల్ గదిలో ఐదు మొహాలు. ముందు కూర్చున్న అమ్మాయి పేరు ఎస్తేరు, సింగరాయకొండ పిల్ల. నేను చుట్టూ తిప్పకుండా చెప్పాను. ఏడాదిలో నర్సులవుతారన్నది అబద్ధం, నాకు నాలుగేళ్ళైనా కాలేదు, చేయాల్సింది స్నానాలు చేయించడం, డైపర్లు మార్చడం, పన్నెండు గంటలు నిలబడి ఉండటం. పోయిన చలికాలం ఎంతమంది నా చేతుల్లో పోయారో కూడా చెప్పాను.

ఎస్తేరు ఫోనుకు దగ్గరగా జరిగింది. "అక్కా, మే నెలంతా మా వార్డులో ఆక్సిజన్ లేక మనుషులు మా ముందే పోయారు. జీతం ఎంతిస్తారో మీకు తెలీంది కాదు. మీకు అక్కడ అంత బాలేకపోతే నాలుగేళ్ళు ఎందుకుండారు? తిరిగి రావాల్సింది గదా?"

బాగా ఆలోచించుకోమని చెప్పి కాల్ కట్ చేశాను. చిప్స్ చల్లారిపోయాయి. నోరీన్ నాకిస్తానన్న సెలవు సంగతి ఒక్కటే నేను చెప్పలేదు.

వారం తిరక్కుండా ఐదుగురూ సంతకాలు పెట్టారు. "గ్రాండ్ జాబ్ రూత్" అంది నోరీన్, సెలవు కాగితం నా చేతికిస్తూ. నిజం చెప్పి ఓడిపోయాను, అయినా బహుమతి నాకే వచ్చింది. వద్దనవచ్చు. అనలేదు. సెలవు తీసుకున్నాను, పరీక్ష రాశాను, పాసయ్యాను. ఇప్పుడు నేను నర్సుని. మరుసటి వసంతంలో వచ్చిన ఎస్తేరు, రెండేళ్ళు దాటినా, అదే హోమ్‌లో నా కింద కేరర్‌గా చేస్తోంది. మనుషులు చాలడం లేదని ఆమెకు పరీక్ష సెలవు రావడం లేదు.

కార్క్ వెళ్ళండి, తప్పకుండా చూడండి. ఆ స్తంభాల ముందు నిలబడితే, పరాయివాడి బజారు మన ఇంట్లోకి పరాయివాడి మొహంతో రాదని తెలుస్తుంది. ఈ బ్లాగు చదివేవాళ్ళలో చాలామంది కార్క్‌కే కాదు, ఐర్లండ్‌కే రావాలనుకునే నర్సులని నాకు తెలుసు కాబట్టి, ఒక్క సలహా. మీ చదువు మీద ఇక్కడి రిజిస్ట్రేషన్ వాళ్ళ నిర్ణయం ఉత్తరంగా చేతికి రాకముందు టికెట్ తీయకండి. ఈలోగా ఇక్కడి మన అక్క ఎవరైనా వీడియోలో కనబడి రమ్మన్నా, వద్దన్నా, ఈ మాట చెప్తున్నందుకు మీకేం వస్తుందక్కా అని ముందు అడగండి. ఎస్తేరు నన్ను అది అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు.