నిమ్మకాయలు తొక్కిన బండి

అప్పలసూరి తాగిన మత్తులో లీవరు మార్చడం మరిచిపోయాడనీ, అందుకే వాళ్ల బావ తీసుకెళ్లిన బండి దారిలో కాలిపోయిందనీ కళింగపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఒక మాట తిరుగుతోంది. మొన్న చేపల తట్ట దించిన మనిషి ఆ కథ నాకే చెప్పబోయింది. నాకా చెప్పేది! సూరి మందు ముట్టడు. ఇక లీవరు సంగతంటారా, ఆ పొద్దున దాన్ని దగ్గరుండి చూసిన మనిషిని నేను. మా ఇళ్లకు మధ్య ఉన్నది ఒక దడి మాత్రమే.

సూరికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్ బండి ఉంది. పడవలు ఒడ్డుకు రాగానే తాడు కట్టి ఇసుకలో పైకి లాగడం అతని పని. ట్రాక్టరు కూరుకుపోయే చోట కూడా ఆ బండి పీతలా పాకుతుంది. పడవకు అటూ ఇటూ భుజాలు ఆనించి మనుషులు నడుస్తుంటారు. బండి వెనక్కి జారితే పడవ వాళ్ల మీదికే వస్తుంది. అందుకని పడవల వాళ్లు బండిని చూసి పిలవరు, నడిపే వాణ్ని చూసి పిలుస్తారు. ఆ పిలుపే సూరికి బువ్వ.

సూరి చెల్లెలు గౌరి. తల్లి పోతే దాన్ని చంకనేసుకుని పెంచాడు. దానికి జడ వేయడం నా దగ్గరే నేర్చుకున్నాడు. గౌరి మొగుడు దేవేంద్ర ఒక టూరిస్టు కంపెనీలో డ్రైవరు. అతను నడిపేది మామూలు బస్సు కాదు. లోపలే మంచాలు, పొయ్యి, మరుగుదొడ్డి. యాత్రలకు వెళ్లేవాళ్లు అందులోనే వండుకుని అందులోనే పడుకుంటారు. మొదటిసారి మా వీధిలోకి వచ్చినప్పుడు నేను ఎక్కి, ఆ మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయో తెలుసుకున్నాకే దిగాను.

ఆ బస్సు ఇరుకైన కొండదారుల్లోకి పోదు. "బావా, నీ బండి బస్సు ఎనకాల కట్టుకుని అరకు అట్టుకుపోతాను. అక్కడ పార్టీని కొండల్లో తిప్పితే కంపెనీవోలు నన్ను పర్మనెంటు సేస్తామన్నారు" అని దేవేంద్ర అడిగాడు. సూరి తన బండి తాళం ఎవరికీ ఇచ్చే మనిషి కాదు. గౌరి వచ్చి అన్న అరుగు మీద కూర్చుంది. ఏమీ అడగలేదు, ఊరికే కూర్చుంది. సూరి తాళం ఇచ్చేశాడు.

బయల్దేరే రోజు నేను అరుగు మీద వడియాలు పెడుతూ అంతా చూస్తున్నాను. పికప్ ముందు భాగానికి ఇనుప కడ్డీలు బిగించారు. వాటిని బస్సు వెనక కొక్కేనికి తగిలిస్తారట.

"ఒరే సూరీ, లోపల ఎవులూ కూకోరా?" అని అడిగాను.

"ఎవులూ కూకోరు పిన్నీ. నాలుగు సెక్రాలూ నేల మీద దొర్లుతూ దాని ఎనకాలే ఎల్లిపోతాది."

"మరి ఇంజనో?"

"ఆపీడమే. రా, సూద్దువు గాని."

పిలిచాడు కదా అని పిండిచేతులతోనే వెళ్లాను. గేరు పక్కన ఇంకొక పొట్టి లీవరు ఉంది. "ఇది మధ్యలో ఉండాల. అప్పుడు సెక్రాలు తిరిగినా లోపల గేర్లు తిరగవు. ఇది ఏసీసి ఉంటే ఇంజను ఆపినా లోపల తిరగతానే ఉంటాది. ఆయిలు అందక కాలిపోతాది" అన్నాడు. నా ముందే దాన్ని మధ్యలో పెట్టాడు. పెట్టాక ఇంజను వేసి, గేరు కూడా వేసి చూపించాడు. బండి గుర్రుమంది గానీ జానెడు కదల్లేదు. అప్పుడు దిగి, దేవేంద్రకూ, అక్కడున్న బస్సు వాళ్లందరికీ వినిపించేలా, "పొట్టి లీవరు ఎవులూ ముట్టుకోకండి" అన్నాడు.

గౌరి పసుపు రాసి, బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. "అన్నా, కర్పూరం మరిసిపోనాను, అట్రా" అంటే సూరి లోపలికి వెళ్లాడు. బస్సు ఇంజను అప్పటికే హోరుమంటోంది. దేవేంద్ర వాచీ చూసుకున్నాడు. "రాహుకాలం వచ్చీస్తాది, బేగి కానీ" అంటూ పికప్ ఎక్కాడు.

పికప్ వెనక నుంచి గుప్పుమని పొగ వచ్చింది. వచ్చి తిన్నగా నా వడియాల మీద పడింది. "ఓలప్పా, నీ బండి తగలెయ్య!" అని అరిచాను. బండి నిమ్మకాయల్ని తొక్కుకుంటూ బస్సు వెనక దాకా వెళ్లింది. నేను వడియాల గుడ్డ ఎత్తుకుని పెరట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి బస్సు వీధి మలుపు దాటుతోంది. వెనకాల సూరి బండి మనిషి లేకుండా బుద్ధిగా పోతోంది. సూరి గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

విజయనగరం దాటాక బండి అడుగు నుంచి పొగలు వచ్చాయట. గేరుబాక్సు ముద్దయిపోయింది. యాత్రకు వచ్చిన పార్టీ తిట్టింది, కంపెనీ సంజాయిషీ అడిగింది. "మా బావ లీవరు మరిసిపోనాడు" అని దేవేంద్ర చెప్పాడు. ఆ మాట ఊరు చేరేలోపు దాని పక్కకు ఒక మందు సీసా కూడా వచ్చి చేరింది.

పడవల వాళ్లు సూరిని పిలవడం మానేశారు. లీవరు మరిచేవాడి బండికి తాడు ఎలా కడతాం అన్నారు. బండి బాగుచేయించినా లాగడానికి పడవ లేదు.

నేను కూర్చుని లెక్క వేసుకున్నాను. లీవరు మధ్యలో ఉంటే బండి కదలదని కదా నాకు చూపించాడు? మరి నా వడియాల మీద పొగ పోసి నిమ్మకాయలు తొక్కింది ఏ బండి? సూరి లోపలికి వెళ్లాక లీవరును ఎవరో వేశారు. ఎక్కింది దేవేంద్ర. తొక్కాక తిరిగి మధ్యలో పెట్టలేదు. ఇంతే కదా!

ఆదివారం రేవులో పడవల పెద్ద ముందర, సూరి, గౌరి, దేవేంద్ర అందరూ ఉండగానే, ఈ సంగతి చెప్పేశాను. దేవేంద్ర నవ్వాడు. "పిన్నీ, నీకు వడియాల సంగతి తెల్సు గానీ బండ్ల సంగతేటి తెల్సు?"

"నాకు తెలీకపోతే నీ పెళ్లాన్ని అడుగు. నిమ్మకాయలెట్టింది అదే" అన్నాను.

పడవల పెద్ద గౌరి వైపు తిరిగాడు. "సెప్పమ్మా. బండి ఇంజను మీద కదిల్నాదా?"

గౌరి మొగుణ్ని చూసింది, అన్నను చూడలేదు. "నాను సూడనేదు. కళ్లు మూసుకుని దణ్ణం ఎడతన్నాను" అంది.

సూరి లేచి, చొక్కాకు అంటిన ఇసుక దులుపుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. వెంటపడి ఇంటి దగ్గర పట్టుకున్నాను. బండి బానెట్ మీద పడిన మునగాకు ఏరుతున్నాడు.

"ఒరే సూరీ! నీ సెల్లి అబద్ధమాడింది, నీకూ తెల్సు, నాకూ తెల్సు. నోట్లో ఏటెట్టుకున్నావు? కర్పూరం అట్టుకొచ్చీసరికి నిమ్మకాయలు నలిగిపోయున్నాయి కదా, అప్పుడైనా అడగనేదేటి?"

ఏరిన ఆకులు గుప్పెట్లోంచి కింద పోశాడు.

"అడిగినాను పిన్నీ. బండి ఎలాగ కదిల్నాదే అని దాన్నే అడిగినాను. అందరం కలిసి నూకీసినాం అన్నా, లీవరు ఎవులూ ముట్టుకోనేదు అంది. డోరు తీసి సూడబోతే సెయ్యి అట్టుకుని, నా మాట మీద నమ్మకం నేదా అంది. డోరు మూసీసినాను. ఊరోలు అన్నదాంట్లో తాగుడొకటే అబద్ధం పిన్నీ. నాను లీవరు సూసుకోనేదు."