గోడ కోసం వదిలిన ఖాళీ

"బంద్ చెయ్యి భాయ్, బంద్ చెయ్యి!" అంటూ ఆమె ఆటోకు అడ్డం వచ్చి నిలబడింది. డ్రైవర్ మైకు ఆపేశాడు. అందులో అప్పటిదాకా మోగింది ఆమె గొంతే. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ గేటు ముందు, షిఫ్టు మారే వేళ జరిగింది ఇది. గేటు దగ్గరి గార్డు నవ్వుతున్నాడు.

"ఏందక్కా, చీరల సేలా? ఒకటి కొంటే ఒకటి ఫ్రీయా?"

ఆమె ఏదీ అమ్మడానికి రాలేదు. ఆ ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే ఆడవాళ్లలో ఆమె ఒకతె. చేతులు పొక్కుతున్నాయి, గ్లౌజులు ఇవ్వండని అడిగినందుకు వాళ్లను లోపలికి రానివ్వడం మానేశారు. కాంట్రాక్టర్ అక్కడితో ఆగక, "వీళ్లెవరో మాకు తెల్వదు, మా దగ్గర ఎన్నడు పని చెయ్యలే" అన్నాడు. పని పోయినందుకంటే ఆ మాటకే ఆమె ఎక్కువ మండిపడింది. గేటు ముందే మైకు పెట్టి చెప్తానంది. రిపోర్టరుగా చాలా ఏళ్లు ఆ వాడలో తిరిగినవాణ్ని కాబట్టి, చెప్పాల్సింది రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది.

రికార్డింగుకు సంగారెడ్డిలో తెలిసిన స్టూడియోకు తీసుకెళ్లాను. ఎన్నికల ప్రచారం, బట్టల దుకాణం, జాతర పాట, ఏది వచ్చినా ఆ స్టూడియో నడిపే ఆయన ఎకో వేస్తాడు. పలికిన మాటనే కంప్యూటర్ కొద్దిగా ఆలస్యం చేసి మళ్లీ వినిపిస్తుంది, ఇంకొంచెం తగ్గించి మరోసారి. మా వైపు మైకులో వచ్చేదానికి అది లేకపోతే మాటే కాదనుకుంటారు. వార్తలో ఒక్క మాట ఎక్కువైతే కొట్టేసిన చెయ్యి నాది. అయినా ఆ గదిలో ఒకే మాట నాలుగుసార్లు మోగుతుంటే బాగుందని తలూపాను.

మేం మరిచిపోయింది ఫ్యాక్టరీని. రోడ్డుకు ఒకవైపు రేకుల గోదాము, ఇంకోవైపు ఎత్తైన ప్రహరీ. స్టూడియో ఎకో మీద వాటి ప్రతిధ్వని కూడా పడి, 'గ్లౌజులు' వెళ్లి 'అడిగినం' మీద కూర్చుంది. చివరికి మిగిలింది ఉత్త గోల. ఆమె ఆటోకు అడ్డం పడింది అందుకే.

అదే రోజు మళ్లీ స్టూడియోకు వెళ్లాం.

"ఎకో తీసెయ్ భాయ్" అంది ఆమె.

"తీస్తే ఉత్తగుంటది అక్కా, ఇంట్ల మాట్లాడినట్టు. లీడర్లయితే ఇంకా జెర పెంచమంటరు."

"వాళ్ల దగ్గర చెప్పేటందుకు ఏం లేదు, గందుకే పెంచమంటరు. నా దగ్గర ఉన్నది."

ఆయన గట్టిగా నవ్వి నావైపు తిరిగాడు. "సార్, మీకన్నా అక్కనే మంచిగ రాస్తది."



మర్నాడు పొద్దున ఆయన తన బండి మీద మాతోపాటు గేటు దాకా వచ్చాడు. రోడ్డు పక్కన నిలబడి ఒక్కో చప్పట కొట్టడం, చెవి పెట్టి వినడం. గార్డు చూసి, "దిమాగ్ ఖరాబైందా భాయ్?" అన్నాడు. "గోడతోని మాట్లాడుతున్న, ఆగు" అని ఆయన ఇంకోసారి కొట్టాడు. తిరిగి స్టూడియోకు వెళ్లి ఎకో మొత్తం తీసేశాడు. మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచాడు. ఒక్క వాక్యం తర్వాత మాత్రం గోడ జవాబుకు సరిపడా ఖాళీ వదిలాడు.

సాయంత్రం ఆటో మళ్లీ గేటు ముందు ఆగింది. ఆమె గొంతు ఎదురుగా కూర్చుని చెప్పినంత స్పష్టంగా వచ్చింది: "ఈ గేటు లోపల మేం ఆరేండ్లు పని చేసినం." అక్కడ ఆగింది. ప్రహరీ నుంచి తిరిగి వచ్చింది: "చేసినం."

బస్సు కోసం నిలబడ్డవాళ్లు తలలు తిప్పారు. కాంట్రాక్టర్ మనిషి ఉరికొచ్చి మైకు బంద్ చేయమన్నాడు. ఆమె కదల్లేదు.

"మేం ఒక్కసారే అన్నం. రెండోసారి అంటున్నది మీ గోడ. పో, దాన్ని బంద్ చెయ్యి."

ఆటో ఇప్పటికీ వారానికి రెండు రోజులు ఆ గేటుకు వెళ్తోంది. ఆడవాళ్లు ఇంకా బయటే ఉన్నారు. వీళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూస్తాను, ఆ ఆరేళ్ల గేటు హాజరు రిజిస్టరు తెచ్చి చూపించమని కార్మిక శాఖ అధికారి కాంట్రాక్టర్‌ను రెండుసార్లు అడిగాడు. అతను ఇంతవరకు తీసుకురాలేదు.