మాంగనీసు గనిలో ఆసిడ్ ఒలికిన మధ్యాహ్నం

ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, విజయనగరం జిల్లాలో ఒక మాంగనీసు గనిలో సేఫ్టీ విభాగంలో చేరాను. గని పక్కనే ఖనిజాన్ని శుద్ధిచేసే ప్లాంటు ఉంది. దానికి ట్యాంకర్లలో సల్ఫ్యూరిక్ ఆసిడ్ వస్తుంది. అది ఒలికితే ఏం చెయ్యాలో అందరికీ నేర్పడం నా పని. అప్పుడప్పుడూ మాక్ డ్రిల్ పెట్టి, ఎర్రరంగు కలిపిన నీళ్ళు పారబోసి, "ఇది ఆసిడ్ అనుకోండి" అనేదాన్ని. అందరికంటే ఎక్కువ నవ్వేది ఖనిజం ఎత్తిపోసే లోడరు నడిపే పెద్దాయన. పాలకొండ వైపు రైతు. నేను మావా అని పిలిచేదాన్ని.

"ఈవేళ ఏటి ఒలకబోసినావు పాపా, షర్బత్తా?" అనేవాడు. నవ్వుతూనే ఇసుక తెచ్చి పోసేవాడు.

ఒకరోజు భోజనాలయ్యాక ట్యాంకరు నుంచి ఆసిడ్ దింపుతుంటే గొట్టం బిగింపు ఊడిపోయింది. కేక విని బయటికి పరుగెత్తాను. నూనెలా చిక్కటి ఆసిడ్ నేలమీద పాకుతోంది. డ్రైవరు కాలు పట్టుకుని అరుస్తున్నాడు. డ్యూటీలో ఉన్న ఆపరేటరమ్మాయి ఆసిడ్ మీద కొట్టడానికి నీళ్ళ గొట్టం లాక్కొచ్చింది.

"నేలమీద కొట్టకు! మరిగి మొహాన చిందుతుంది!" అని అరిచాను. నేలమీది ఆసిడ్‌కు నీళ్ళు శత్రువు, ఒంటిమీది ఆసిడ్‌కు నీళ్ళే మందు. డ్రైవర్ని పక్కనే ఉన్న ఎమర్జెన్సీ షవరు కిందికి నడిపించి, ప్యాంటు కత్తిరించేసి, ఆపకుండా నీళ్ళు పట్టమని మరో ఇద్దరికి అప్పగించాను.

సైరన్ మోగించాను. భయం ఉంది, కాదనను. కానీ భయం కంటే పెద్దదేదో ఒళ్ళంతా పరుగులు తీస్తోంది. ఇన్నాళ్ళూ అనుకోండి, అనుకోండి అన్నదాన్ని. ఇక అనుకోనక్కర్లేదు!

అమ్మాయీ నేనూ ఆసిడ్ సూట్లు, బూట్లు, ముఖానికి అద్దపు కవచాలు వేసుకున్నాం. ఇలాంటి చోటికి ఒక్కళ్ళే వెళ్ళకూడదు. గాలి ఎటు వీస్తోందో చూపే జెండా చూశాను. గాలి పడమటి నుంచి వీస్తోంది. ఆవిరి మామీదికి రాకుండా అటువైపు నుంచే వెళ్ళాం.

"వాల్వు పిడి ఎక్కడ?" అని షవరు కింద ఉన్న డ్రైవర్ని కేకేసి అడిగాను.

"కేబిన్ ఎనకాతల, ఎర్ర పిడమ్మా! కిందికి లాగండి!"

ఇద్దరం కలిసి లాగాం. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగింది.

అప్పుడు ఉరిమింది. తల తిప్పి చూస్తే కొండల మీద వాన తెర. ఆసిడ్ పల్లానికి, కాలవ మూతి వైపు జారుతోంది. ఆ కాలవ వెళ్ళేది వరి మళ్ళకు. వాన మీద పడితే ఇక్కడ మరుగుతుంది, అక్కడ పైరు మాడుతుంది.

"మావా, కాలవ మూతి!"

"నానొస్తన్నాను, నువ్వు పక్కకి తప్పుకో!"

లోడరు గాలి వచ్చే వైపు నుంచి వచ్చి, ఆసిడ్‌ను తాకకుండా కాలవ ముందర పొడి ఇసుక గుమ్మరించింది. వెనక్కెళ్ళి ఇంకో బకెట్టెడు ఇసుక తెచ్చింది. ఆయన మొహంలో నవ్వు లేదు. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఇసుక గట్టు దగ్గర ఆసిడ్ ఆగిపోయింది.

"ఆగిపోనాది!" అని ఆపరేటరమ్మాయి గెంతింది, ఆ బరువైన సూటులోనే.

"బేగి, సోడా బస్తాలు!" అన్నాను.

అంచుల నుంచి మొదలుపెట్టి, ఆసిడ్‌ను విరిచే సోడా యాష్ పొడిని కొద్దికొద్దిగా చల్లాం. బుస్సుమని నురగ లేచింది. అది అణిగేదాకా ఆగి మళ్ళీ చల్లాం. తొందరపడాలని చేతులు ఉరకలు వేస్తున్నాయి, కానీ తొందరపడకూడదు. చివరికి పొడి పడ్డా నురగ రాలేదు. తడి ఇసుకకు పీహెచ్ కాగితం ఆనించాను. ఎర్రబడలేదు, అంటే ఆసిడ్ విరిగిపోయింది. ఆ ఇసుకంతా టార్పాలిన్‌తో కప్పి చివర్లు బిగిస్తుండగానే పెద్ద చినుకులు టపటపా పడ్డాయి.

మావ లోడరు దిగి, వానలో నిలబడి, "ఓలమ్మో, గెలిసీసినాం!" అని కేకేశాడు. మేమంతా అరిచాం.

వాన వెలిశాక కాలవ నీళ్ళు మూడుచోట్ల పరీక్షించాం. మంచివే. కప్పిన ఇసుకను డ్రమ్ముల్లో నింపి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాం. డ్రైవరు కాలికి కట్టుతో కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి, నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. ఆమదాలవలసలో మాకు బియ్యం కొట్టు ఉంది. బేరాల వేళ.

"అమ్మా, ఆపీసినామే! ఒక్క చుక్క కాలవలోకి పోనివ్వలేదు!"

"ఏటి ఆపీసినావు? ఊపిరి తీసుకుని సెప్పు. నీకు ఏటీ అవలేదు గదా?"

"ఏటీ అవలేదు."

"అయితే ఆగు, ఇక్కడ అందరూ వింటారు," అని అమ్మ స్పీకరు పెట్టింది. కొట్టులో తక్కెడ చప్పుడు ఆగింది. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.