నా చెవిలో లేని మోత

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, నేను నా చెవుల గురించి ఒక అబద్ధం ఆడాను. ఆ తర్వాత ఇంతకంటే పెద్ద తప్పులు చేసే ఉంటాను. వాటిలో చాలావాటికి ఏదో ఒక సమర్థన చెప్పుకోగలను. దీనికి మాత్రం ఇన్నేళ్లుగా ఏ సమర్థనా దొరకలేదు.

ఇప్పటికి యాభై ఏళ్ల కిందట, రెండు వేల పదుల్లో, మేము న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో, న్యూ లిన్ రైల్వే స్టేషన్ పక్కనున్న అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం. మా నాన్న పాపటోయిటోయి దగ్గర ఒక గోడౌన్‌లో పనిచేసేవాడు, మా అమ్మ ఒక మందుల షాపులో. మా కింది ఫ్లాట్‌లో ఒక తెలుగు ఆంటీ, వాళ్ల నాన్నగారు ఉండేవారు. బంధుత్వం ఏమీ లేకపోయినా ఆయన్ని నేను తాతయ్య అనేదాన్ని, మా అమ్మ బాబాయ్ అనేది. బడి అయ్యాక అమ్మ వచ్చేదాకా నేను ఆయన దగ్గరే ఉండేదాన్ని. నాకు అటుకులు వేయించి పెట్టి, నేను ఇంగ్లీషులో ఏం వాగినా ఓపిగ్గా తెలుగులో జవాబిచ్చేవారు.

తాతయ్య వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. మైక్రోప్రాసెసర్లు వచ్చిన తొలి రోజుల్లో వాటితో కంప్యూటర్లు తయారుచేయాలని తంటాలు పడిన కొద్దిమందిలో ఆయన ఒకరు. రెండు వరసల కాళ్లున్న ఆ నల్లటి చిప్ విదేశం నుంచి వచ్చిన రోజు ఏడుగురు ఇంజనీర్లు చేతులు కడుక్కుని దాని చుట్టూ నిలబడ్డారట. ప్రోగ్రాం అంతా అంకెల్లో నోటుబుక్కులో రాసుకుని, ఒక్కొక్క అంకే మీటలు నొక్కి ఎక్కించేవారట. అలాంటి చిప్ లోపలి గీతలను అక్కడెక్కడో మనుషులు పెద్ద పెద్ద కాగితాల మీద చేత్తో గీసి, వాటిని నేల మీద పరిచి, మేజోళ్లు తొడుక్కుని పాకుతూ తప్పులు వెతికేవారని కూడా చెప్పేవారు. నా ఐప్యాడ్ చూసినప్పుడల్లా నాకు ఆ మేజోళ్లు గుర్తొచ్చేవి.

ఆ ఫ్యాక్టరీ గది పక్కనే జనరేటర్ ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా, అంటే దాదాపు రోజూ, దాని హోరులోనే వాళ్లు పనిచేశారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన చెవుల్లో మోత మొదలైంది. కుక్కర్ విజిల్ మొదలై ఇక ఆగకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుందనీ, ఎడమ చెవిలో ఎక్కువనీ, చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే ఇంకా పెరుగుతుందనీ చెప్పేవారు. దాన్ని టినిటస్ అంటారని, పూర్తిగా పోగొట్టే మందు లేదని నేను ఆయన దగ్గరే విన్నాను. మందు లేదని ఆయన ఊరుకోలేదు. ఒక పాత మైక్రోప్రాసెసర్ సంపాదించి చిన్న పెట్టె తయారుచేసుకున్నారు. దానికి ఒక హెడ్‌ఫోన్, తిప్పడానికి ఒక నాబ్, ఎర్రటి అంకెలు. నాబ్ తిప్పుతూ పోతే పెట్టెలోంచి వచ్చే సన్నటి కూత ఒకచోట ఆయన చెవిలోని మోతతో కలిసిపోయేది. ఆ అంకెను రోజూ రాసుకుని, దానికి తగ్గట్టు పెట్టెతో వానలాంటి చప్పుడు చేయించుకుని వినేవారు.

"మోత పోదు తల్లీ. పక్కన ఇంకో చప్పుడుంటే కాసేపు నా ధ్యాస దాని మీదికి పోతుంది, అంతే" అనేవారు.

అందుకే చెవుల క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ కోసం ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నారు. అక్కడ ఒక డాక్టరమ్మ ఇలాంటి మోతకు కొత్త పద్ధతులు ప్రయత్నిస్తోందని ఆయనకు ఎవరో చెప్పారు. ఆ తేదీని క్యాలెండర్ మీద నా చేతే గుండ్రంగా చుట్టించారు.

ఆ ఫిబ్రవరిలో మా బడిలో ఈత క్లాసులు మొదలయ్యాయి. మా క్లాసులో నీళ్లలో తల ముంచలేనిదాన్ని నేనొక్కదాన్నే. గట్టు పట్టుకుని నిలబడితే నాకంటే చిన్నపిల్లలు నన్ను దాటుకుంటూ ఈదిపోయేవాళ్లు. రెండో వారం ఒక అమ్మాయి నన్ను చూసి ముక్కు మూసుకుని వెక్కిరించింది, మిగతావాళ్లు నవ్వారు. ఆ సాయంత్రం అమ్మతో నా చెవిలో మోగుతోందని చెప్పాను. చెవి బాగోలేదంటే నీళ్లలోకి దింపరని నా ఆశ. ఎలా మోగుతోందని అడిగితే తాతయ్య మాటలన్నీ వరసగా అప్పజెప్పాను. కుక్కర్ విజిల్ లాగా. ఎడమ చెవిలో ఎక్కువ. నిశ్శబ్దంగా ఉంటే ఇంకా ఎక్కువ.

అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "ఎప్పటిసంది బిడ్డా? నాకెందుకు చెప్పలే?" అంటూ నన్ను చెయ్యిపట్టుకుని కిందికి తీసుకెళ్లింది.

తాతయ్య నేను చెప్పిందంతా విన్నారు. ఆయన ముఖం అంతలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కడినుంచి చీటీ రాయించుకుని క్లినిక్‌కి వెళ్లాలంటే నెలలు పడుతుందని అమ్మ అంటుండగానే ఆయన ఫోన్ అందుకున్నారు. మర్నాడు క్లినిక్ తెరిచాక చేయవచ్చని ఆంటీ చెప్పినా వినకుండా, వచ్చే గురువారం తన బదులు ఒక చిన్నపిల్లను చూడమని మెసేజ్ పెట్టారు. వాళ్లు మర్నాడు ఫోన్ చేసి, పిల్ల కాబట్టి సరేనన్నారు. తాతయ్యకు ఇంకో వారంలో మళ్లీ తేదీ ఇస్తారులే అని నేను అనుకున్నాను. అడగలేదు, అనుకున్నాను.

"వెళ్లేలోపు రోజూ నా పెట్టె మీద కొలుద్దాం తల్లీ. డాక్టరమ్మకి పనికొస్తుంది" అన్నారు. అంకెల మీద కాగితం కప్పి, హెడ్‌ఫోన్ పెట్టి, మోత కలిసినచోట ఆగమన్నారు. నాకు కలవడానికి ఏమీ లేదు. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగాను. మూడు రోజులు అలాగే జరిగింది. ఆయన కాగితం ఎత్తి, అంకె చూసి రాసుకునేవారు.

మూడో రోజు నోటుబుక్కు నా ముందు తెరిచి పెట్టారు. ఒకవైపు ఆయన అంకెలు, పేజీ పొడుగునా దాదాపు ఒకేలా ఉన్నాయి. రెండోవైపు నావి మూడు. ఒకటి అడుగున, ఒకటి ఆకాశంలో, ఒకటి మధ్యలో. ఆయన నన్ను ఏమీ అడగలేదు. కిటికీవైపు చూస్తూ నాకు అంతకుముందెప్పుడూ చెప్పని కథ ఒకటి చెప్పారు.

వాళ్ల ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి చిప్ పనిచేయలేదట. అది పాడైపోయిందని అందరూ నిర్ణయించారు. అంతకుముందు రోజు దాన్ని బోర్డులో గుచ్చింది వాళ్లలో ఒకే ఒక ఆడ ఇంజనీరు. ఆవిడ చేతుల్లోనే పోయిందన్నారు. ఆవిణ్ణి స్టోర్స్‌కి మార్చేశారు. కొత్త చిప్ కోసం విదేశానికి రాసి నాలుగు నెలలు కూర్చున్నారు. కానీ చిప్‌లో ఏ లోపమూ లేదు. మీటలు నొక్కేటప్పుడు ఒక అంకె తప్పు ఎక్కించింది తాతయ్య. ఆ సంగతి ఆయనకు రెండో రోజే తెలిసింది.

"రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నానమ్మా. ఆవిడ కొన్నాళ్లకి ఉద్యోగమే మానేసింది. మా అందరిలోకీ తెలివైన మనిషి. ఇప్పుడు ఎక్కడుందో, అసలుందో లేదో" అని నోటుబుక్కు మూశారు. "గురువారం మీ అమ్మ సెలవు పెట్టింది. నువ్వేం చెబితే అదే."

నిజం చెప్పడానికి ఆయన నాకు తలుపు తెరిచి పట్టుకున్నారు. నేను ఆ తలుపులోంచి వెళ్లలేదు. గురువారం క్లినిక్‌కి వెళ్లాను. గాజు కిటికీ ఉన్న గదిలో కూర్చుని, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కాను. చెవులు చాలా బాగున్నాయని ఆ డాక్టరమ్మ చెప్పగానే, మోత కూడా ఆగిపోయిందన్నాను. అమ్మ అక్కడే ఏడ్చేసింది. ఇంటికొచ్చి అమ్మ సంతోషంగా చెబితే తాతయ్య కూడా, "పోనీలే అమ్మా, మంచిమాట" అన్నారు. నావైపు మాత్రం చూడలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చేసరికి వాళ్ల తలుపు తీసే ఉంది. తాతయ్య వంటింట్లో ఫ్రిజ్‌కి ఎడమ చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. అంతకుముందు వచ్చిన జలుబుతో మోత బాగా పెరిగిందట, ఆ పెట్టె కూడా చాలడం లేదట. ఫ్రిజ్ గురగురలో కాస్త ఊరట. మళ్లీ తేదీ ఎప్పుడని ఆంటీని అడిగాను. "సెప్టెంబర్‌లోనమ్మా. ఒకసారి వదులుకుంటే లైన్‌లో చివరికి పోతాం కదా" అంది.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "తాతయ్యా, నాకు చెవిలో ఏమీ మోగలేదు" అన్నాను.

ఆయన కళ్లు తెరిచారు. "ఏంటమ్మా? వినపళ్లేదు, గట్టిగా చెప్పు."

రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కగదిలో ఆంటీ చేస్తున్న పని చప్పుడు ఆగిపోయింది. నా చెవులు వేడెక్కడం నాకు తెలిసింది.

"తెలుసు తల్లీ" అన్నారు. కుర్చీలో కూర్చుని, "దేనికి భయపడ్డావు?" అని అడిగారు. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. నీళ్ల సంగతి, ముక్కు మూసుకున్న అమ్మాయి సంగతి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "అమ్మకి నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటా" అన్నారు.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. విన్నాక తాతయ్య ముందు చేతులు జోడించింది. "మొఖం ఎత్తలేకపోతున్న బాబాయ్. మీ నంబర్ మేం తిన్నట్టయింది." నేను చేసిన పనికి మా అమ్మ చేతులు జోడించడం చూశాను. నాకు పడిన శిక్ష అదొక్కటే. ఇప్పటికీ తలచుకుంటే తల దించుకుంటాను.

అమ్మ క్లినిక్‌కి రెండుసార్లు ఫోన్ చేసింది. తేదీ ముందుకు జరగలేదు. అక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలమంతా తాతయ్య ఆ మోతతోనే గడిపారు. సెప్టెంబర్‌లో ఆయన చెవులకు తగ్గట్టు అమర్చిన మిషన్లు ఇచ్చారు. వాటిలోంచి సన్నగా ఒక చప్పుడు వస్తూ ఉండేది. మోత పోలేదు కానీ, పేపర్ చదువుకోగలుగుతున్నానని చెప్పేవారు. నేను మళ్లీ ఈతకి వెళ్లాను. ఆ సీజన్ అయిపోయేలోపు తల ముంచడం వచ్చింది, అంతకుమించి రాలేదు.

చాలాకాలం నేను ఆ రోజుల నుంచి నేర్చుకున్నది అబద్ధమాడకూడదని అనుకున్నాను. ఇప్పుడు నాకే మనవలున్నారు, నా లెక్క కాస్త మారింది. తాతయ్య నన్ను పరీక్షించి తెలుసుకున్నారన్నది నిజమే. కానీ పరీక్షించింది తర్వాత. ముందు ఫోన్ అందుకున్నారు. ఎనిమిది నెలల తన నిరీక్షణను, బాధ ఉందన్నది ఒక పిల్ల కాబట్టి, ఒక్క ప్రశ్న వేయకుండా ఇచ్చేశారు. నా మనవరాలు బడికి వెళ్లేముందు కడుపునొప్పి అంటే, నిజమేనా అని నేను అడగను. పక్కన కూర్చుని నొప్పి ఎక్కడో చూపించమంటాను. అప్పుడప్పుడూ మోసపోతుంటాను. మోసపోయానని తెలిసినప్పుడు దానిమీద కోపం రాదు, ఆనాటి నా సిగ్గే ఇంకోసారి వస్తుంది.