మండీ ఆడవాళ్లను చెక్కిన అక్క

అక్క పోయిందని పోయిన నెల ఆమె తమ్ముడు పలమనేరు నుంచి ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయినాదమ్మా" అన్నాడు. ఇంట్లో చెబితే "ఏ అక్క?" అని అడిగారు. మాది రక్తసంబంధం కాదు.

ఆమె పలమనేరులో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయింది. నేను తిరుపతిలో పెళ్లిపత్రికలకు బొమ్మలు వేస్తాను. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, గుడ్డ మీద అచ్చు తీసే పిచ్చి ఇద్దరిదీ. ఒక ప్రదర్శనలో మా బొమ్మలు పక్కపక్కన పెట్టారు. అక్కడ కలిశాం.

"చిన్నచిన్నవి చాలు మే. మనిషంత మనుషుల్ని చెక్కుదాం" అంది ఒకరోజు.

టమాటా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ల బొమ్మ అది. అక్క వాళ్లమ్మ ఆ మండీలోనే కూలి చేసేది. తమ్ముడు ఆవులను అమ్మేశాక ఖాళీగా ఉన్న కొట్టంలో చెక్కలు పరిస్తే నేలంతా నిండిపోయింది. ఆదివారాలు తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్లేదాన్ని. ఆ కొసన ఆమె, ఈ కొసన నేను చెక్కల మీదే కూర్చుని చెక్కేవాళ్లం. చెక్కపొట్టు ఒక్క పిడికెడు కూడా పారేయనిచ్చేది కాదు. నీళ్లపొయ్యిలోకి దాచుకునేది.

నాది తొందర చెయ్యి. ఒక గంప చుట్టూ తీసిందే తీస్తుంటే చూసి, "ఉలి పక్కన పెట్టి టీ తాగు. తాగినాక కూడా తీయాలనిపిస్తే తీయి. తీసినాక మళ్లీ పెట్టేదానికి కాదు" అంది. ఇప్పటికీ ఏ పనిలో చెయ్యి తొందరపడినా టీ పెట్టుకుంటాను.

అందరి ముఖాలూ అయ్యాయి. వాళ్లమ్మది మాత్రం మిగిలింది. అక్క చిన్నప్పుడే ఆయమ్మ పోయిందట. ఫోటో లేదు.

"నీ మొగమే పెట్టెయ్యి అక్కా, పోలిక ఉంటుంది" అన్నాను.

"మొగం గుర్తు లేదు మే. ఆయమ్మ వీపే గుర్తుండాది. ఎప్పుడూ వంగి ఏరతా ఉండేది. ఎనకనే కదా నేను కూర్చునేది."

అందుకే ఆ ఒక్కరినీ మనవైపు వీపు పెట్టి కూర్చున్నట్టు చెక్కింది. ముడి, రవిక ముడతలు, చెంగు. దానికే చాలా వారాలు పట్టింది.

అంత పెద్ద అచ్చు తీసే యంత్రం మాకు యాడా దొరకలేదు. సిరా పూసి, పైన గుడ్డ పరిచి, సాక్సులు వేసుకుని దాని మీద నడిచాం. అప్పటికే ఆమెకు కాళ్లు వాస్తుండేవి, ఆ కాళ్లతోనే గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసింది. వాళ్లమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"అమ్మ మీద కాలు పెట్టలేను. నువ్వు తొక్కు మే. నీకేం అమ్మ కాదు కదా."

నేనూ తొక్కలేకపోయాను. ఇద్దరం చెరోపక్క కూర్చుని గరిటె వెనక భాగంతో ఆ వీపును మెల్లగా రుద్దాం. చెరో కొస పట్టుకుని గుడ్డ ఎత్తి చూశాం. ఆమె "తిన్నావా?" అని అడిగింది.

అచ్చు ఆ ఒక్కటే తీశాం. ఎండలు తగ్గాక రెండోది తీద్దామనుకున్నాం.

కర్మలు అయ్యాక తమ్ముడు "ఆ చెక్కలు నీవే, నువ్వే ఏమన్నా చేసుకోమ్మా" అన్నాడు. మొన్న ఆదివారం ఒక్కదాన్నే వెళ్లాను. సిరా పూశాను, గుడ్డ పరిచాను, నడిచాను, రుద్దాల్సిన చోట రుద్దాను. మధ్యాహ్నమంతా పట్టింది. ఇక గుడ్డ ఎత్తాలి. రెండు కొసలూ ఒక్కసారే లేవాలి, లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. నా కొస పట్టుకుని అప్పటిలాగే "ఊఁ, ఎత్తక్కా" అన్నాను.

నా చేతిలోని కొస నడుము దాకా లేచింది. అవతలి కొస చెక్కను అంటుకునే ఉంది.