ఒక్కపొద్దు నెలలో సంగటి ముద్ద

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక నాకు అందరి మీదా కోపమే. మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం పాడిన గొంతు కదా, అరిస్తే ఇల్లు అదిరిపోయేది. ఎడమచేత్తో తినడానికి ప్రాణం ఒప్పలేదు. మా ఆవిడ కలిపి పెడుతుంటే పసిపిల్లాడిలా నోరు తెరిచేవాణ్ణి. ఛీ, ఆ అవమానం పగవాడికి కూడా వద్దు.

క్లినిక్‌లో వ్యాయామం చేయించే ఆయన నా చేతిలో రబ్బరు బంతి పెట్టి, "పిసుకుతా ఉండండి" అని ఫోన్‌లో మునిగిపోయేవాడు. కొన్నాళ్లకే పోవడం మానేశాను. బంతి పిసికి నేనేం బావుకోవాలి?

తర్వాత ఆయన స్థానంలో పుంగనూరు నుంచి ఒక ముస్లిం అమ్మాయి వచ్చింది. మా ఆవిడ బతిమాలితే వెళ్లాను. "ఈ చెయ్యి బాగైతే మొదట ఏం చేస్తారప్పా?" అని అడిగింది. అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్లే లేరు.

"సంగటి తినాల. నా చేత్తో నేను."

"అయితే రేపు సంగటే తెండి."

అప్పటినుంచి రోజూ క్యారియర్లో రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ తీసుకుపోయేవాణ్ణి. తుంచాలి, ఉండ చేయాలి, పైకెత్తాలి. సగం దారిలో జారి ఒళ్లో పడేది. విసుగొచ్చి తిట్టేవాణ్ణి. "నన్ను ఎంతైనా తిట్టండి, వేళ్లు మాత్రం ఆపద్దండి" అనేది. ఆ పిల్ల ఎదురుచూస్తుంటుందని పొద్దున్నే తయారై కూర్చునేవాణ్ణి. ముద్ద గడ్డం దాకా వచ్చింది.

అంతలో రంజాన్ వచ్చింది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని పిల్ల ముందు వేడి సంగటి మూత తీయడానికి నాకు మనసొప్పలేదు. మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు, వండట్లేదని ఆ పిల్లకు అబద్ధం చెప్పి వట్టి చేతులతో పోతూ వచ్చాను. మళ్లీ రబ్బరు బంతే. వేళ్లు మెల్లగా ముడుచుకుపోసాగాయి.

అనుమానం వచ్చి ఆ అమ్మాయి మా ఆవిడకు ఫోన్ చేసి కనుక్కుంది. "యాల మానేసినారప్పా?" అని మరునాడు నన్ను నిలదీసింది.

"నువ్వు ఒక్కపొద్దు ఉంటే నీ ఎదురుగా ఎట్ల తినేదమ్మా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "ఒక్కపొద్దు నాకప్పా, మీ చేతికి కాదు. ఇట్లే బిగుసుకుపోతే ఇంగ నా వల్ల కూడా కాదు, సూడండి."

మరునాటి నుంచి మళ్లీ క్యారియర్ పట్టుకెళ్లాను. ముద్ద తిరిగి గడ్డం దాకా రావడానికే పండగ దగ్గరపడింది.

ఒక మధ్యాహ్నం మూత తీస్తే నెయ్యి వాసన గదంతా కమ్ముకుంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా చెయ్యి వణుకుతూ వణుకుతూ గడ్డం దాటి నోటికి చేరింది. మింగుడు పడక, ఏడుపు ఆగక అట్లే ఉండిపోయాను.

"నమలండప్పా" అంది.

ఆకలితో ఉన్న మనిషి ముందు తినకూడదని నన్ను పెంచారు. అయినా ఆ రోజు గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆ పిల్ల తన కడుపే నిండినట్టు నన్నే చూస్తూ కూర్చుంది.